ఇనుము కరిచే కుక్క

చక్రధరరావు నోరు మంచిది కాదు. ఆ సంగతి కిరందుల్ టౌన్‌షిప్‌లో ఆయనకు తప్ప అందరికీ తెలుసు. మీసాలు రాని వయసులో మేనమామ వెంట పలాస నుంచి వచ్చి, కొండ మీద ఇనుప గనిలో క్లీనరుగా చేరి, డంపరు నడిపేదాకా ఎదిగాడు. ఎదిగినకొద్దీ తగాదాలు పెంచుకున్నాడు. ఫోర్‌మన్‌తో తగాదా, పాలవాడితో తగాదా, ఉద్యోగం వేయించిన మేనమామతో మాటల్లేవు. భార్య గంగారత్నం అవసరానికి మించి నోరు విప్పడం ఎప్పుడో మానేసింది. ఆ మహానుభావుడు పల్లెత్తు మాట అననిది తన కుక్క రాకెట్‌ని ఒక్కదాన్నే.

రాకెట్ గోధుమరంగు ఊరకుక్క. సాయంత్రం డ్యూటీ దిగి రాగానే ఆయన వరండా మెట్టు మీద కూర్చుని నిమ్మకాయంత ఇనుపరాయి విసిరేవాడు. గనిలోంచి తెచ్చిన ముడిరాయి అది. చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది దాని బరువు. రాకెట్ వాలులోకి దూసుకుపోయి, దాన్ని నోట కరుచుకొచ్చి, ఆయన కాళ్ల దగ్గర ఠంగుమని పడేసేది. మళ్లీ విసరమని తోక ఊపేది.

"బంతులాడే కుక్కలు ఊరినిండా ఉన్నాయి. నాది ఇనుము కరిసే కుక్క!" అని వచ్చినవాళ్లందరికీ ఈ తమాషా చూపించేవాడు. వాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లు. కొట్టకపోతే వాళ్లతోనూ తగాదా పెట్టుకుంటాడని భయం.

పక్క క్వార్టరు భద్రమ్మది. భోపాల్‌పట్నం మనిషి, మొగుడు నాగరాజు గనిలో ఫిట్టరు. ఆవిడ నోరూ తక్కువదేం కాదు. రెండు వరండాల మధ్య పిట్టగోడ మీద ఆవిడ ఇప్పపూలు ఎండబోస్తే, సారా వాసనని ఆయన కిందికి ఊడ్చేశాడు. ఆవిడ ఆ చీపురు లాక్కుని మురిక్కాలవలో పారేసింది. అప్పట్నించి ఒకరి నీడ ఒకరికి పడదు.

ఎండలు ముదిరిన రోజుల్లో రాకెట్ ఆట తగ్గించింది. రాయి విసిరితే పరిగెత్తేది, వాసన చూసేది, ఉత్త నోటితో తిరిగొచ్చేది. కొన్నాళ్లకు పరుగూ మానేసింది. రాయి పడిన చప్పుడు వినబడినా తల తిప్పేది కాదు.

"ఏటిరా, సోంబేరివైపోనావా? నానిసిరితే తేవా?" అని ఆయన ముందు బతిమాలాడు, తర్వాత కసిరాడు. గంగారత్నం వేసిన ఎముకలు పళ్లెంలో అలాగే ఉండిపోతున్నాయి. అదే కుక్క భద్రమ్మ గడప దగ్గర గిన్నెడు జావ నాకుతూ ఆయన కంటపడింది. లోకమంతా దూరం పెట్టిన మనిషికి మిగిలింది ఆ కుక్కే. అదీ చెయ్యిజారిపోతుంటే ఆయనకు నిజంగా భయమేసింది. ఆయన భయం ఎప్పుడూ కోపంగానే బయటికొస్తుంది.

మర్నాడు రాకెట్‌ని మెడ పట్టుకుని కూర్చోబెట్టాడు. "ఆట మర్సిపోనావా? ఇదిగో, కరువు" అని రెండు దవడలూ విడదీసి రాయిని నోట్లో కుక్కాడు. అది చచ్చేటట్టు అరిచి, చేతిలోంచి విడిపించుకుని గోడ మూలకు పోయి వణికింది.

"మనిషివేనా నువ్వు? మూగదాన్ని చంపుతున్నవా?" పిట్టగోడ అవతల నుంచి భద్రమ్మ అరిచింది.

"సంపుతున్నది నానా నువ్వా? ఒలే, నా కుక్కకేటి పెట్టినావు? నీ జావ నాకినకాడి నుంచే ఇలాగైపోనాది. ఇషం కలిపినావు!"

"ఒలే గిలే అంటే మంచిగుండదు! ఏంది, నేను విషం పెట్టిన్నా? ఆకలికి నా గడపకొస్తే జావ పోసిన. నీ ఇంట్ల తిననిది నా ఇంట్ల తాగిందంటే సిగ్గు నీకుండాలె."

"డాక్టరు కాడికి పద. నీ మొకం మీదే సెప్పిస్తాను. ఇషమని తేలితే క్వార్టరు కాళీ సేసి పోవాల!"

"తేలకపోతే?"

"తేలకపోతే కుక్కని నువ్వే ఉంచుకో!"

వాకిళ్లలో నిలబడ్డ ఇరుగుపొరుగంతా ఆ మాట విన్నారు. గంగారత్నం నుదురు కొట్టుకుంది.

గీదంలో పశువుల డాక్టరున్నాడు. జీపు మాట్లాడుకుని బయల్దేరారు. ముందు సీట్లో ఆయన, వెనక సీట్లో ఆవిడ, ఆవిడ కాళ్ల దగ్గర కుక్క. దారిపొడవునా ఒకళ్ల వంశాన్ని ఒకళ్లు తిట్టుకున్నారు. దంతెవాడ దాటాక డ్రైవరు పాటలు పెట్టి సౌండు పెంచాడు.

డాక్టరు రాకెట్ మూతికి గుడ్డ చుట్టి, సూది వేసి, అది మత్తులోకి జారాక గుడ్డ విప్పి నోరు తెరిచాడు. టార్చి వేసి చూశాడు.

"పత్థర్ సే ఖేల్తా హై క్యా?" అన్నాడు. రాళ్లతో ఆడుతుందా అని.

డాక్టరు చక్రధరరావు తల వంచి టార్చి వెలుగులో చూపించాడు. కోరలు అరిగిపోయి చిగుళ్లకు అంటుకున్నాయి. దవడ పన్నొకటి నిలువునా పగిలి, దాని చుట్టూ చీము. ఇంత నొప్పితో అది రాయి ఎలా పట్టుకుంటుంది, ఎముక ఎలా నములుతుందని డాక్టరు హిందీలో విసుక్కున్నాడు. మెత్తటిదేదో కడుపులో పడింది కాబట్టి బతికి ఉందన్నాడు.

ఎవరు మెత్తటిది పెట్టారో డాక్టరు అడగలేదు. భద్రమ్మ చెప్పనూ లేదు. చక్రధరరావు మొహంలోకే చూస్తూ నిలబడింది. ఆ చూపు కంటే తిట్లే నయం.

పగిలిన పన్ను పీకించి కిరందుల్ చేరేసరికి పొద్దు వాలింది. మత్తు దిగిన రాకెట్‌ని చక్రధరరావు మెల్లగా కిందికి దించాడు. గొలుసు పట్టుకుని తన గేటు వైపు అడుగు వేయబోతే భద్రమ్మ అడ్డంగా నిలబడి చెయ్యి చాపింది.

"గొలుసు ఇటియ్యి."

"భద్రమ్మా..." అన్నాడు. ఆవిణ్ణి తిట్టు లేకుండా పిలవడం అదే మొదలు.

"నలుగురి ముందర అన్నవ్ గదా. మాట మనిషివేనా కాదా?"

ఆయన వాకిట్లో నిలబడ్డ గంగారత్నం వైపు చూశాడు. ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. ఆయన గొలుసు ఇచ్చేశాడు. రాకెట్ వెనక్కి తిరిగి చూస్తుందేమోనని ఆగాడు. చూడలేదు. జావ గిన్నె ఎటుందో దానికి తెలుసు.

మర్నాటి సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. ఇనుపరాయి మెట్టు కిందే పడి ఉంది. దాన్ని చూడగానే ఏడుపొచ్చింది. ఇక అది కళ్లబడకూడదనుకున్నాడు. మురిక్కాలవలో పారేద్దామని తీసుకుని, లేచి, చెయ్యెత్తాడు.

పిట్టగోడ అవతల భద్రమ్మ వరండాలో పడుకున్న రాకెట్ ఆ చెయ్యి చూసింది, చేతిలో రాయి చూసింది. మూతి బిగించుకుని లేచి, తోక కాళ్ల మధ్య పెట్టుకుని గడప దాటి లోపలికి పోయింది.

భద్రమ్మ బయటికొచ్చి ఆయన్నీ రాయినీ ఒకసారి చూసి, తలుపు వేసుకుంది.