పాదు నుంచి పాదుకు

సఖినేటిపల్లిలో మా బాబాయిగారి తోటలో ఏడో కొబ్బరిచెట్టును కొట్టించేసిన రోజు నేను అక్కడే ఉన్నాను. దాని మొదలు దగ్గర కారిన ఎర్రటి జిగురు అప్పటికే ఎండిపోయింది.

మొదటి చెట్టుకు తెగులు సోకినప్పుడే చుట్టూ కందకం తవ్వమని వ్యవసాయాధికారి చెప్పారు. బాబాయిగారు నవ్వేశారు.

“దేని పాదు దానిదేనండి. ఒకదాని రోగం ఇంకోదానికెందుకొస్తాదండీ?”

నిజానికి మా వైపు ఏ పాదూ విడిగా ఉండదు. ఒకటి నిండితే కాలవ నీళ్లు పక్కదాంట్లోకి పోయేలా గండి కొడతాం. అలా కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. వేరు కణాల్లో మొదలైన కుళ్లు మానుకు పాకింది. అక్కడి నుంచి మేం పారించిన నీళ్లే దాన్ని తోటకు చేర్చాయి.

ఇప్పుడు కందకం తవ్వించారు.

“ఇక ఆగుతాదంటావా?” అని బాబాయిగారు నన్నడిగారు.

కందకానికి అవతల మిగిలిన చెట్ల వేళ్లలో తెగులు ఉందో లేదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.