ప్రసాద్ గారు తిరిగిన కోట

తడి కాంక్రీటు వాసన తగిలితే నాకు ప్రసాద్ గారు గుర్తొస్తారు. నిన్న ఇక్కడ అమెరికాలో, ఆష్‌బర్న్‌లో కొత్త డేటా సెంటర్ పునాది మీద వాన పడింది. ఆ వాసనకి సైట్‌లో అందరి ముందూ కళ్ళు తుడుచుకున్నాను. ఆయన నా మొదటి బాస్. మేం బిల్డింగులు గీసేవాళ్ళం, ఆయన మమ్మల్ని వాటిలో నడిపించేవారు.

ఆయన డెస్క్ పక్కన గోడకి ఒక ఇంగ్లీషు కోట ప్లాను ఉండేది. మధ్యయుగాల చివర్లో కట్టినది. చుట్టూ వెడల్పాటి కందకం, మూలల్లో గుండ్రటి బురుజులు, ముందు భయం పుట్టించే సింహద్వారం. ఇక్కడి పాత కాలేజీల మీద పళ్ళ వరసలాంటి పిట్టగోడ కనిపిస్తే "మన కోట మనవలు" అని నవ్వేవారు. నేను నా తొలి డ్రాయింగ్ తీసుకెళ్ళి, మెయిన్ గేట్ గురించి గొప్పలు పోతుంటే ఆ ప్లాను మీద వేలు పెట్టారు.

"గేట్ చూసి మురిసిపోకమ్మా. ఈ కోట దొరగారూ అంతే, వచ్చినవాళ్ళు హడలిపోవాలని కట్టాడు. లోపల చూడు, ఎన్ని పొయ్యిలో, ఎంతేసి కిటికీలో! సుఖంగా బతకడానికి కట్టుకున్న ఇల్లిది. ఈ బురుజులో ఇరుకు మెట్లెక్కుతుంటే ఎడమ భుజం గోడకి రాసుకుంటుంది. సరే, నీ జనరేటర్ రిపేర్ చేసేవాడు ఏ తలుపులోంచి వస్తాడు?"

నేను ఆ తలుపే పెట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ భుజం మాట విన్నాక, ఆయన ఆ కోటంతా తిరిగొచ్చారనే అనుకున్నాం మేమందరం. పోయిన నెల ఆయన గుండెపోటుతో పోయారు. పరామర్శకు వెళ్ళి, ఏదో ఒకటి మాట్లాడాలని ఆయన భార్య సరళ గారిని అడిగాను.

"మీరూ ఆయనతో ఆ కోటకి వెళ్ళారాండీ?"

"ఎక్కడ వెళ్ళాం తల్లీ? గ్రీన్ కార్డ్ రాలేదుగా. బయటికెళ్తే మళ్ళీ వీసా స్టాంపింగ్ ఇస్తారో ఇవ్వరో, జాబ్ పోతుందేమో అని పదిహేనేళ్ళు ఈ దేశం దాటలేదు. ఏటా లండన్‌కి టికెట్స్ బుక్ చేసేవారు, క్యాన్సిల్ చేసేవారు."

 నా చేతిలో కాఫీ ఒలికిన సంగతే తెలియలేదు. అన్నేళ్ళూ మాకు మెట్టు మెట్టూ చూపించిన మనిషి ఆ గడప తొక్కనేలేదా! కాగితం మీది గీతల్లోనే తిరిగారా! తర్వాత కోపం వచ్చింది, నా మీద. అదే భయంతో నేనూ ఏడేళ్ళుగా ఇక్కడే ఉన్నాను, చెల్లెలి పెళ్ళి ఫోన్‌లో చూశాను.

ఇవాళ్టికీ ఏ ప్లాను చేతికొచ్చినా ముందు అందులో నడిచి చూస్తాను. అది ఆయన పెట్టిన భిక్ష. రెండో భిక్ష తనకే తెలియకుండా పెట్టారు. సరళ గారింటి నుంచి రాగానే ఇంగ్లండ్‌కి టికెట్ బుక్ చేశాను. లాయర్ వద్దంటున్నాడు. తిరిగి రానిస్తారో లేదో తెలియదు. గురువారం ప్రయాణం. అయినా వెళ్తున్నాను.