ఉప్పు చూసినవాడు

ఆ రోజుల్లో ఉపవాసమంటే ఉపవాసమే. ఇప్పటిలాగా గడియారం చూసుకుని, పూజకు గంట ముందు కాఫీ తాగి, మూతి తుడుచుకుని గుడికి బయలుదేరే సౌకర్యం మాకు లేదు. మా క్యాథలిక్కుల పూజలో ఫాదరు నాలుక మీద పెట్టే దివ్యసత్ప్రసాదం తీసుకోవాలంటే ముందటి అర్ధరాత్రి నుంచి పచ్చి గంగ కూడా ముట్టకూడదు. (వాన పడుతుంటే మా అమ్మ నోరు మూసుకుని నడవమనేది.) మా తిరుపతిలో ఇది ఎవరికీ వింత కాదు. అలిపిరి దగ్గర ఏమీ తినకుండా కొండెక్కేవాళ్లు వాళ్ల దారిన వాళ్లు, ఖాళీ కడుపుతో మా గుడికి నడిచే మేము మా దారిన మేము. దేవుళ్ల గుళ్లు వేరైనా కడుపులో మోగే గంట ఒక్కటే.

మా మేత్రాసనం, అంటే బిషప్పు గారి ఏలుబడిలోని గుళ్లన్నీ కలిసిన పీఠం, దాని స్థాపన జూబిలీ వచ్చిన ఏడు నాకు ఇరవై నిండాయి. యుద్ధం రోజులు, బియ్యానికి రేషను. పీఠాధిపతి అయిన బిషప్పు గారే మా గుడికి వచ్చి పూజ చేస్తారనీ, ఆ తర్వాత అందరికీ రాగిసంగటి, పొట్టేలు పులుసు అనీ మా ఫాదరు ప్రకటించారు. వంట గరిటె తాతది, అజమాయిషీ నాది. తాతను గరిటె లేకుండా ఎవరూ చూడలేదు గనక ఆయనకు ఆ పేరు. నాకు ఆ పదవి ఎందుకంటే, అప్పుడే మిషను బడిలో పంతులుగా చేరాను, పంతులుకు అన్నీ తెలుసని ఊరివాళ్ల నమ్మకం. ఎవరి నమ్మకాన్నీ చెడగొట్టే అలవాటు నాకు లేదు.

పైగా ఆ రోజుకు నాకు ఇంకొక ముఖ్యం ఉంది. తడ నుంచి ఒక పెద్దమనిషి కూతురిని వెంటబెట్టుకుని వస్తున్నాడు. పేరుకు జూబిలీ, పనికి పెళ్లిచూపులు. ఆ అమ్మాయిని అంతకుముందు ఏడు ఒక బంధువుల పెళ్లిలో చూశాను. ఆమె నన్ను చూసిందో లేదో తెలియదు గానీ, నేను మాత్రం వడ్డించిన పాయసంలో ఉప్పు వేసుకున్నంత పరధ్యానంగా చూశాను. చిక్కల్లా ఆ తండ్రితోనే. పూజలో అందరూ సత్ప్రసాదానికి లేచినప్పుడు ఎవడైనా కూర్చుండిపోయాడంటే, వాడు ఏదో పెద్ద పాపం చేసి, దాన్ని ఫాదరు చెవిలో ఒప్పుకుని పాప సంకీర్తనం చేసుకోలేదని ఆ రోజుల్లో లెక్క. ఆ లెక్క ప్రకారమే ఆయన అంతకుముందు ఒక సంబంధం వదులుకున్నాడట. “లేవని మొగోడికి పిల్లనియ్యను” అన్నాడట. నేను ముందు రోజే పాప సంకీర్తనం చేసుకుని, మల్లుపంచె ఉతికించుకుని, ఆత్మనూ పంచెనూ మడతపెట్టి ఉంచాను.

అప్పుడు వచ్చాడు గరిటె తాత. “పంతులూ, రేపు ఉప్పు యెవురు సూస్తారప్పా? నేనైతే సూడను. బిషప్పు సాములోరి చేత్తో సత్పెసాదం నాకు మళ్లా యాడ దొరుకుతాది?”

అదీ నిజమే. వండేవాళ్లంతా సత్ప్రసాదం తీసుకునేవాళ్లే. ఫాదరును అడిగితే, నాలుకకు తగిలించి ఉమ్మేస్తే ఉపవాసం చెడదు, మింగితేనే చెడుతుంది అన్నారు. తాత ఒప్పుకోలేదు. “ఈ నోరు నాకు డెబ్బై ఏండ్లుగా తెలుసు సామీ. లోపలికి పోయింది దాంట్లోంచి బయటికి రాదు.”

నాకొక ఉపాయం తట్టింది. మా వీధి చివర వైష్ణవుల గుడి వంటశాలలో చేసే అయ్యవారు ఒకాయన ఉండేవారు. ఆయన రుచి చూడకుండానే రోజూ గంగాళాలు వండుతారు గదా. వెళ్లి అడిగాను. “నివేదనకు ముందు రుచి కాదు గదా, వాసన కూడా చూడం నాయనా. ముక్కుకు గుడ్డ కట్టుకుంటాం. చెయ్యే చెబుతుంది” అన్నారు. వండేది ఏమిటని అడిగి, విని, కాసేపు కళ్లు మూసుకున్నారు. తెరిచి, “సరే. నేను దాన్ని గుమ్మడికాయ అనుకుని కొలత చెబుతాను. ఇంటికి పోయి నువ్వు మళ్లీ పొట్టేలు చేసుకో” అన్నారు. అంతటి మతసామరస్యం నేను మళ్లీ చూడలేదు.

మర్నాడు తెల్లవారి పొయ్యిలు రాజుకున్నాయి. అయ్యవారి కొలత ప్రకారం నాలుగు దోసిళ్ల ఉప్పు గంగాళంలో వేసి, చెయ్యి దులుపుకుని, ఎంత సులువు అనుకున్నాను. కట్టెలు తేవడానికి పోయిన తాత తిరిగొచ్చి, తాను ముందే మూడు దోసిళ్లు వేసినానన్నాడు. ఇద్దరం గంగాళంలోకి చూశాం. అది మాకేమీ చెప్పలేదు. ఉపవాసం లేని పసిపిల్లలను పిలిచి తలా ఒక చుక్క పోశాం. అందరూ “ఇంకొంచెం” అన్నారు. అంతకు మించిన సాక్ష్యం వాళ్ల దగ్గర దొరకలేదు.

పెట్రోలు కరువులో బొగ్గుతో నడిచే పీఠాధిపతి గారి కారు దారిలో ఎక్కడో ఆగిపోయి, ఎనిమిదింటి పూజ పదింటికి పోయింది. తాత స్నానానికి వెళ్లాడు. నేనూ, గంగాళమూ, మసాలా వాసనా మిగిలాం. చదువుకున్నవాణ్ణి, ఉమ్మడం ఒక విద్యా అనుకుని, ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు ఎక్కువైంది, నిజమే. కానీ దాని వెనకే ధనియాలూ, అల్లమూ వచ్చాయి. ఉమ్మాలని వంగాను. వంగేలోగా గొంతు తన పని తాను చేసుకుపోయింది.

చెడిన ఉపవాసం ఎలాగూ చెడింది, పులుసైనా బాగుపడాలి గదా. చింతపండు రసం పోసి చూశాను, నీళ్లు పోసి చూశాను, కొబ్బరి నూరి వేసి చూశాను. (ఒక ముక్క ఉడికిందో లేదో కూడా చూశాను. అది ఉప్పు కోసం కాదని ఒప్పుకుంటున్నాను.)

పూజలో ఆ ఘడియ వచ్చింది. గుడి గుడంతా లేచింది. పరిచిన చాపల మీద మొగవాళ్ల వైపు మడత నలగని మల్లుపంచెతో నేనొక్కణ్ణే మిగిలాను. సత్ప్రసాదం తీసుకుని చేతులు జోడించుకుని తిరిగొస్తున్న తడ పెద్దమనిషి నా ముందు ఒక్క క్షణం ఆగి, నన్ను చూసి, ముందుకు పోయాడు. అమ్మ ముసుగు ముఖం మీదికి లాక్కుంది. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదంటారు. నేను ఆ రోజు రెండు కళ్లతోనూ తాగాను.

పంక్తిలో వడ్డిస్తూ తడ పెద్దమనిషి ఆకు దగ్గరికి వచ్చాను. ఆయన తల ఎత్తలేదు. తిని బండి కట్టమంటాడని అమ్మ గుసగుసలాడింది. అప్పుడు ఆడవాళ్ల వరుసలోంచి ఆ అమ్మాయి, ఎవరినీ చూడకుండా, తాపీగా అంది: “నాయనా, పులుసులో ఉప్పు సరిగ్గా ఉండాది.”

“ఉంటే?” అన్నాడాయన.

“అందరూ ఉపాసమున్నోళ్లే గదా. మరి ఉప్పు యెవురు సూసినట్టు?”

పెద్దమనిషి సంగటి ముద్ద చేతిలో పట్టుకునే ఆలోచించాడు. తర్వాత తల ఎత్తి నన్ను చూశాడు. ఈసారి చూపు కింది నుంచి పైకి వచ్చి ముఖం మీద నిలిచింది. “ఇంతమంది నోటి కోసరం నువ్వొక్కడివే కూసున్నావా అబ్బా?” అన్నాడు. నేను తిన్న ఆ పొట్టేలు ముక్క సంగతి చెప్పే సమయం అది కాదు గనక తల వంచుకున్నాను. అది వినయమని ఆయన అనుకున్నాడు. పెళ్లయిన నెలకు మా ఆవిడకు నిజం చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. ఆ రోజే నా మీసానికి కొబ్బరి చూసిందట.

ఇప్పుడు మా మేత్రాసనానికి ఇంకా పెద్ద జూబిలీలు జరుగుతున్నాయి. వంటకు మనుషులు బయటినుంచి వస్తున్నారు, ఉప్పు ఎవరైనా చూడొచ్చు. ఒక్క నేను తప్ప. డాక్టరు ఉప్పు మానమన్నాడు. అయినా మా ఆవిడ ఈనాటికీ పప్పు దించగానే గరిటె తెచ్చి, అలవాటుగా నా అరచేతిలో ఒక చుక్క వేస్తుంది. అందులో ఉప్పు ఉండదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. “సరిగ్గా ఉండాది” అంటాను. అబద్ధమాడిన ప్రతిసారీ ఆ చాప మీద ఒంటరిగా కూర్చున్న కుర్రవాడు కనిపిస్తాడు. దిగులుపడకురా, మీసం తుడుచుకో అని చెప్పాలనిపిస్తుంది. కానీ చెప్పను. వాడు తుడుచుకుని ఉంటే ఆమె గమనించేదో లేదో.