మామయ్య చెవులూ మంత్రిగారి మోకాళ్ళూ

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసిన రోజున హెడ్మాస్టరుగారు గేటుదాకా వచ్చి కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆనందంతో అని గిట్టనివాళ్ళు అంటారు. తర్వాత సెలూన్ పెట్టాను. నా కత్తెర పడితే బట్టతల మీద కూడా క్రాపు నిలబడుతుందని మూడు వీధుల్లో చెప్పుకుంటారు. మొదట చెప్పింది నేనే అనుకోండి. ఇంత గొప్పవాడు అల్లుడిగా దొరికితే, మా మామయ్య పొద్దస్తమానం మెచ్చుకునేది మాత్రం పెద్దల్లుణ్ణి.

పెద్దల్లుడంటే మా ఆవిడ అక్క మొగుడు, నాకు తోడల్లుడు. మాజీ సైనికుల సంక్షేమానికి సహాయ మంత్రి. కవాతులో వందనం తీసుకునేది పెద్ద మంత్రి. కృత్రిమ కాలు బిగుతైందనీ, ఆస్పత్రిలో మంచం దొరకలేదనీ, రికార్డులో పుట్టిన తేదీ తప్పు పడిందనీ వచ్చేవాళ్ళని చూసుకునేది మావాడు. మెట్ల పక్కన ఇరుకు గది. ఎంత చిన్న సిపాయి లోపలికొచ్చినా కుర్చీలోంచి లేచి నిలబడతాడు. రోజుకి నలభైసార్లు లేచి లేచి మోకాళ్ళు అరిగిపోయి పట్టీలు వేసుకున్నాడు. ఆ పట్టీల గురించి పేపర్లో రాశారు. నాకు ఒళ్ళు మండింది. నేను పన్నెండు గంటలు నిలబడే పనిచేస్తాను. నా మోకాళ్ళేం పాపం చేశాయి?

మామయ్య ఇరవై రెండేళ్ళు ఫిరంగుల పక్కన నిలబడి, వినికిడంతా అక్కడే వదిలేసి వచ్చాడు. పెదాల కదలిక చూసి జవాబు చెప్పేస్తాడు కనుక ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. కనిపెట్టింది నేనే. గడ్డం గీస్తూ కథలు చెబితే అద్దంలో నా నోరు చూసి పగలబడి నవ్వేవాడు. తల వంచుకున్నప్పుడు మెడ వెనక గీస్తూ అదే కథ చెబితే ఉలుకూ పలుకూ ఉండేది కాదు. నా కథకి నవ్వు రాలేదంటే లోపం చెవుల్లోనే ఉండాలి కదా!

గట్టిగా అడిగితే ఒప్పుకున్నాడు. మా రెండేళ్ళ పాప ఆయన వీపెక్కి మెడ చుట్టూ చేతులేసి కబుర్లు చెబుతుంది. "వీపు మీది మాటలు ఏ అద్దంలో చూడను అల్లుడూ?" అన్నాడు.

సైనిక ఆస్పత్రివాళ్ళు మంచి చెవి మిషన్లు ఇస్తారు. కానీ మెడికల్ బోర్డు ఒప్పుకోవాలి. మొదటిసారి ఒక్కడే వెళ్ళాడు. ఎదురుగా యూనిఫాం కనబడేసరికి నిటారుగా నిలబడి, ఏమడిగినా "ఎస్ సర్!" అని గది అదిరేలా అరిచాడు. 'వినికిడి బాగుంది' అని రాసి పంపేశారు. ఇక మిగిలింది ఒక్క అప్పీలు.

మంత్రిగారి గదికి వెళ్ళాను. "అన్నయ్యా, ఒక్క సంతకం పడేస్తే పోయేదానికి ఇంత తిప్పటం దేనికి?"

"సొంత మామగారి ఫైలు నేను ముట్టుకోకూడదు తమ్ముడూ. ఆ గదిలో అడుగుపెట్టినా తప్పే. నువ్వే తీసుకెళ్ళాలి."

"మరి మంత్రివై ఏం లాభం?"

అతను జవాబు చెప్పేలోగా చేతికర్రతో ఒక ముసలాయన వచ్చాడు. మంత్రిగారు మూలుగుతూ లేచి నిలబడ్డారు.

అప్పీలు రోజున బోర్డు పెద్ద ఒక డాక్టరమ్మ, యూనిఫాంలో ఉంది. "వినబడుతోందా తాతా?" అంది.

"ఎస్ సర్!"

"భేషుగ్గా వినబడుతోందే!" అని ఆవిడ కలం తీసింది.

"అమ్మా, ఆగండి. వెనకనుంచి నన్నొక్క నిమిషం మాట్లాడనివ్వండి."

మామయ్యని గోడవైపు తిప్పి కూర్చోబెట్టారు. ఏదైనా కథ చెబుదామనుకున్నాను. నోట్లోంచి వేరేది వచ్చింది.

"మామయ్యా, పదకొండేళ్ళుగా నీ గడ్డం గీస్తున్నా. ఒక్క గాటు పడిందా? ఒక్కనాడు శభాష్ అన్నావా? పెద్దల్లుడి ఫోటో పేపర్లో గోరంత పడితే కత్తిరించి దాచుకుంటావు, అదీ నా కత్తెరతో! నా మొహం రోజూ నీ అద్దంలో ఉంటుంది, చూశావా ఎప్పుడైనా? ఆ మోకాళ్ళ మంత్రి అంటే నాకు కుళ్ళు! ఫిరంగి దళమంతా పిరికిపందలు!"

చివరి ముక్క మామూలుగా వినుంటే నా మెడ విరిగేది. మామయ్య మాత్రం గోడ మీది క్యాలెండరు చూస్తూ హాయిగా కూర్చున్నాడు. డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ కాగితం మీద ఏదో కొట్టేసి, చెవులు కొలిచే మిషన్ పరీక్షకి రాసింది. అందులో రెండు చెవులూ బాగా దెబ్బతిన్నాయని తేలిపోయింది.

తలుపు తెరుచుకుని బయటికొస్తే వరండాలో తోడల్లుడు. లోపలికి రాకూడదన్నారు గాని బయట నిలబడకూడదని ఎవరన్నారు?

"అదంతా పరీక్ష కోసమేనా తమ్ముడూ?"

"మరి? నాటకం. ఎలా ఉంది?"

"బావుంది." కాసేపు మోకాలు రుద్దుకున్నాడు. "నేను ఇంటికొస్తే ఆయన లేచి నిలబడి సర్ అంటాడు. చెవుల సంగతి నువ్వు చెబితేగాని నాకు తెలీదు. నీకు మాత్రం కత్తి కింద మెడ పెట్టి నిద్రపోతాడు. ఏం మందు పెట్టావురా?"

మంత్రి నన్ను చూసి కుళ్ళుకుంటున్నాడు! అక్కడే గంతేసేవాణ్ణే, వెనక మామయ్య ఉన్నాడని ఆగాను.

చెవి మిషన్లు వచ్చిన మర్నాడే మామయ్య గడ్డానికొచ్చాడు. పాప మాటలు పొద్దున్నే వీపు మీద విన్నాడట. "దానికి అన్నీ నీ కోతలే వచ్చాయి" అన్నాడు. తల వంచించి, మెడ వెనక గీస్తూ హెడ్మాస్టరు కన్నీళ్ళ కథ చెప్పాను. భుజాలు ఊగిపోయేలా నవ్వాడు.

"అద్దంలో చూసినప్పుడు అబద్ధంలా ఉండేది. వింటుంటే నిజంలా ఉంది. శభాష్ అల్లుడూ!"

సబ్బు చేతుల్తోనే మంత్రిగారికి ఫోన్ చేసి, ఆ మాట ఒక్క అక్షరం పోకుండా అప్పజెప్పాను. "నిజం చెప్పు, ఏం మందు పెట్టావురా?" అన్నాడు అటునుంచి. ఆ మధ్యాహ్నం నాకు పట్టిన నిద్ర మళ్ళీ ఇంతవరకూ పట్టలేదు.