జానెడు జుట్టుకి ఉసిరికాయంత కుచ్చు

తాడేపల్లిగూడెంలో మేముండే ఇల్లు స్టేషనుకి దగ్గర. మొన్న పొద్దుటి రైలు కూత వేసి వెళ్ళిన కాసేపటికి మా తమ్ముడు గుమ్మంలో నిలబడ్డాడు. అప్పుడు నేను మా అమ్మాయికి జడలు వేస్తున్నాను. జడలనే మాటే గాని అవి రెండు పిలకలు. ఒకటి కట్టడం అయింది, రెండోదానికి పాయలు తీస్తున్నాను. వాడు చెప్పులైనా విప్పకుండా, "పెద్దమ్మ రాత్రి పోయిందక్కా, నువ్వొచ్చేదాకా ఆపుతామన్నారు" అన్నాడు. పిల్లని అలాగే చంకనేసుకుని వాడి వెంట బయలుదేరాను. భీమడోలులో దిగేటప్పుడు చూసుకుంటే దువ్వెన ఇంకా పిల్ల తలలోనే ఉంది.

పెద్దమ్మ అంటే మా నాన్నగారి అన్నగారి భార్య. కొల్లేటి అంచున, భీమడోలు నుంచి బండి మీద వెళ్ళే పల్లెటూరు మాది. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే ఇల్లు, ఒకటే పొయ్యి. పెద్దమ్మకి పిల్లలు లేరు. ఉన్న పిల్లలం మేమే. అలాగని ఆవిడ మమ్మల్ని ముద్దు చేసి ఎరగదు. చెయ్యి కడుక్కోకుండా పెరుగు ముట్టుకుంటే వీపు మోగేది. ఊళ్ళో ఎవరింట పెళ్ళయినా పెళ్ళికూతురి తల దువ్వడానికి ఆవిణ్ణే పిలిచేవారు. ఆవిడ వెళ్ళి, వాళ్ళు పెట్టెలోంచి తీసిన నగల్లో సగం వెనక్కి పెట్టించి, మిగిలినవాటితో జడ వేసి వచ్చేది. అందుకు కొందరికి కోపం కూడా వచ్చేది.

నాకు పదకొండో ఏట టైఫాయిడ్ వచ్చింది. ఏలూరు నుంచి డాక్టరుగారు వచ్చి చూసి, మందిచ్చి, ఇంక మన చేతుల్లో లేదన్నట్టు మా నాన్నగారి భుజం తట్టి వెళ్ళిపోయారట. ఆ సాయంత్రం పెద్దమ్మ తలస్నానం చేసి, తడిబట్టతో తూర్పుకి తిరిగి, చిన్న తిరుపతి వెంకన్నకి నా జుట్టు మొక్కుకుంది. మా అమ్మని అడగలేదు. అమ్మ అప్పుడు నా మంచం కోడు పట్టుకుని కూర్చుని ఉంది, అడిగినా వినే స్థితిలో లేదు. అయితే నా జుట్టంటే అమ్మకి ఎంత గర్వమో ఇంట్లో అందరికీ తెలుసు. నడుం దాటిన జుట్టు. నాకు జడ వేసి, వాకిట్లోకి పంపి, ఎవరైనా చూస్తున్నారా లేదా అని కిటికీలోంచి చూసుకునేది.

నేను బతికాను. మొక్కు తీర్చాలి కదా. మా తమ్ముడు అప్పుడు పాలు తాగే పిల్లవాడు కాబట్టి అమ్మ ఇంట్లో ఉండిపోయింది. నాన్నగారు, పెదనాన్నగారు, పెద్దమ్మ, నేను బండి కట్టుకుని చిన్న తిరుపతి వెళ్ళాం. మంగలి నా తల మీద నీళ్ళు చల్లగానే నేను ఏడుపు మొదలుపెట్టాను. నాన్నగారు నా మొహం తన కండువాలో దాచి, ఇంటికొచ్చేదాకా ఒళ్ళో పడుకోబెట్టుకున్నారు. పెద్దమ్మ కూడా అక్కడే మూడు కత్తెర్లు ఇచ్చిందని తిరిగొచ్చాక పెద్దవాళ్ళు అందరికీ చెప్పారు. ముత్తైదువలు ఇచ్చేది అంతే కదా, మూడు కత్తెర్లు. ఎవరూ మళ్ళీ అడగలేదు.

గుండుతో నన్ను చూసి అమ్మ దొడ్లోకి వెళ్ళిపోయింది. వచ్చినవాళ్ళందరితో, "పిల్ల దక్కింది, అంతే చాలండి" అనేది. పెద్దమ్మతో మాత్రం మాట పొదుపైంది. ఒక వంటింట్లో మసిలే తోడికోడళ్ళు మాట్లాడుకోవడం మానెయ్యలేరు. ఉప్పు ఎంత వెయ్యాలి, పాలు ఎవరు కాగబెట్టాలి, అంతవరకే. నేను గడప దాటితే అమ్మ నా తల మీద గుడ్డ కప్పేది. నా జుట్టు పెరగడం నాకన్నా ఆ ఇంటికే ఎక్కువ కావాలని ఆ వయసులోనే నాకు తెలిసిపోయింది. అది ఎప్పుడు పెరుగుతుందా, వీళ్ళిద్దరూ మళ్ళీ ఎప్పుడు వంటింట్లో నవ్వుకుంటారా అని రోజూ తల తడుముకునేదాన్ని.

"దీని జుట్టు మొక్కింది నేను. పెంచేదీ నేనే" అంది పెద్దమ్మ.

అప్పటినుంచి నా తల ఆవిడ రాజ్యం. రెండు వేళ్ళంత జుట్టు వచ్చేసరికి నాకు రిబ్బను కావాలనిపించింది. "నూనె చెయ్యి చాలు దీనికి" అంది. ముంగురులు కళ్ళలో పడ్డాక ఒక సన్నటి పిన్ను పెట్టింది. పెట్టి, "ఏదీ, తల ఊపు" అంది. ఊపాను, పిన్ను జారింది. అంతకన్నా చిన్నది పెట్టింది. మళ్ళీ ఊపమంది. అది నిలిచింది. రాత్రి తీసేటప్పుడు మాడు మీద నొక్కు పడిందేమో వేలితో తడిమి చూసేది. జారితే పెద్దది, నొక్కితే బిగువు, ఈ రెండూ కానిదే మనది అనేది. ఎన్నిసార్లు ఊపించిందో! కొత్త పిన్ను పెడితే ఊపు, కొత్త తాడు కడితే ఊపు. కల్లంలో ఎద్దులా తల ఆడిస్తూ ఉండేదాన్ని.

బెత్తెడు జుట్టుకి పిలక కట్టే రోజు వచ్చింది. పట్టుతాడు కడితే లేత జుట్టు మీద నిలవలేదు. నూలుతాడు బిగిస్తే వెంట్రుకలు తెగాయి. పెద్దమ్మ ఒక రోజంతా ఆలోచించి, మర్నాడు పెదనాన్నగారు ఏలూరు పని మీద వెళ్తుంటే ఆయనతో రైలెక్కింది. నన్నూ తీసుకెళ్ళింది. బజారుకి వెళ్తామనుకున్నాను. ఆవిడ తిన్నగా తివాచీలు నేసేవాళ్ళ ఇంటికి వెళ్ళి, మగ్గం కింద పడి ఉన్న రంగు రంగుల ఉన్ని ముక్కలు అడిగింది.

"ఏం చేసుకుంటారమ్మా ఈ కత్తిరింపులు?" అంది ఆ ఇంటావిడ.

"మా బుల్లికి జడ వెయ్యాలండి."

"జడ ఎంతుంది?"

పెద్దమ్మ నా తల మీది గుడ్డ తీసి, వెనక్కి తిప్పి చూపించింది. ఆవిడ నవ్వలేదు. లోపలికి వెళ్ళి, అన్నిటిలోకి మెత్తటి ఉన్ని, ఎర్రది, ఓ గుప్పెడు తెచ్చి ఇచ్చింది. ఇంటికొచ్చి పెద్దమ్మ ఆ ఉన్నిని సన్నగా పేనింది. పట్టులాగా జారదు, నూలులాగా కొయ్యదు, బరువన్నది లేదు. ఆ తాడు కట్టాక తల ఊపితే పిలక ఊగింది గాని ఊడలేదు. ఆ రోజు గుడ్డ కప్పుకోకుండా వీధిలోకి వెళ్ళాను. అమ్మ కిటికీ దగ్గర నిలబడి ఉంది.

ఆ ఉన్నితోనే కుచ్చులు కట్టేది. ఒక రేకుపెట్టెలో వరస ప్రకారం పెట్టింది: రేగిపండంతవి, ఉసిరికాయంతవి, నిమ్మకాయంతవి. బెత్తెడు జుట్టుకి రేగిపండు, జానెడుకి ఉసిరికాయ, మూరెడు అయితేనే నిమ్మకాయ. నిమ్మకాయ మీద నా కన్ను ఉండేది. పెట్టె మూత తీస్తే చాలు అటే చెయ్యి పోయేది. "జుట్టు కుచ్చుని మొయ్యాలి గాని, కుచ్చు జుట్టుని ఈడవకూడదే" అని చేతి మీద ఒకటి వేసేది.

ఇన్ని నేర్పిన మనిషికి ఒక వింత అలవాటు మాత్రం పట్టుకుంది. చిన్న తిరుపతి నుంచి వచ్చింది మొదలు తలంటి రోజున గది తలుపు వేసుకునేది. తల దువ్వుతానంటే ఎవరినీ రానిచ్చేది కాదు. తలుపు తీసుకుని వచ్చేసరికి ఎప్పటిలాగే నిండు ముడి. పెద్దరికం వచ్చింది కాబోలనుకున్నాం.

నా జుట్టు జానెడు అయిన రోజుల్లో ఆకివీడులో మా మేనమామ పెళ్ళి వచ్చింది. అమ్మకి ఒక్కడే తమ్ముడు. గుండయిన పిల్ల అని పుట్టింటివాళ్ళు అనుకుంటున్నారని అమ్మ మనసులో ఎంత నలిగిందో, ఆ వేళ పెట్టె తెరిచి తన సవరం, తన రాగిడి బిళ్ళ, పట్టుకుచ్చులు అన్నీ తీసి నా ముందు పెట్టింది. పెద్దమ్మ చూసి ఊరుకోలేకపోయింది.

"జానెడు జుట్టుకి మూరెడు సవరమా చెల్లాయ్? నిలవదు. ఉసిరికాయ కుచ్చులు వేసి పంపు, చక్కగా ఉంటుంది."

అమ్మ దువ్వెన ఆపింది. "ఉన్న జుట్టంతా కొండ మీద పోసి వచ్చినవారు సవరానికి కొలతలు చెప్పకండి అక్కయ్యా" అంది.

అని ఆ సవరమే కట్టి జడ అల్లింది. పెద్దమ్మ లేచి వెళ్ళి పడవలోకి చాపలు సర్దుకుంది. కొల్లేరు దాటుతున్నంతసేపూ నేను మెడ కదిలిస్తే ఒట్టు. నీటి మీద గూడబాతులు లేచినా తల తిప్పి చూడలేదు. నన్ను తల ఊపి చూడమన్నవాళ్ళు ఆ రోజు ఎవరూ లేరు.

పెళ్ళిలో నాకు తలంబ్రాల పళ్ళెం పట్టుకునే పని. పెళ్ళికూతురికి అందాలని వంగాను. అంతే. పూలతో, రాగిడితో, పట్టుకుచ్చులతో సహా నా జడ మొత్తం ఊడి తలంబ్రాల పళ్ళెంలో పడింది. పందిరంతా గొల్లుమంది. ఎవరో ముసలావిడ, "అయ్యో, తలంబ్రాల్లో వెంట్రుకలేవిటమ్మా, అపశకునం" అంది. నవ్వులు ఆగిపోయాయి. అది నవ్వుకన్నా ఘోరంగా ఉంది. అందరూ అమ్మకేసి చూస్తున్నారు.

అప్పుడు ఆడవాళ్ళ మధ్య నుంచి పెద్దమ్మ లేచింది. "దానిదొక్కదానిదేనా ఏవిటండీ ఊడేది!" అంటూ తన ముడిలోకి రెండు చేతులూ పోనిచ్చి, నిండు సవరాన్ని లాగి పక్కన పడేసింది. లోపలున్న జుట్టు భుజాల కిందికి కాస్త జారి ఆగిపోయింది.

"ఇదేవిటమ్మా, ముత్తైదువవి!" అంది ఆ ముసలావిడే.

"చిన్న తిరుపతి స్వామికి ఇచ్చానండి. పసిదాని జుట్టు మొక్కింది నేను. దానిది ఇచ్చేసి నాది దాచుకుంటే ఆయన మొహం చూడగలనా అండీ? ముత్తైదువని కాబట్టి మెడ దగ్గర ఆపాను. దేవుడి బాకీ తీరిన జుట్టండి అది, శకునాలకేం భయం లేదు. ఇంకో పళ్ళెం తెప్పించండి, ముహూర్తం దాటుతోంది."

ఇంకో పళ్ళెం వచ్చింది. పెద్దమ్మ నన్ను దగ్గరికి లాక్కుని, కొంగు ముడి విప్పి, ఉసిరికాయ కుచ్చులు తీసి జడ వేసింది. ఆవిడ వాటిని ఇంటి దగ్గర్నుంచే తెచ్చింది. అంత మాటా పడి కూడా తెచ్చింది. వేసి, "తల ఊపు" అంది. ఏడుస్తూనే ఊపాను.

తిరుగు పడవలో అమ్మ జరిగి పెద్దమ్మ పక్కన కూర్చుంది. అడిగింది, "నాతో ఎందుకు చెప్పలేదక్కయ్యా? ఇన్నాళ్ళూ మీతో ముభావంగా ఉండి, చివరికి అంత మాట కూడా అన్నాను."

"చెబితే నీ కోపం ఎక్కడ పెట్టుకునేదానివే? దేవుణ్ణి తిట్టలేవు, డాక్టరుని తిట్టలేవు. ఇంట్లో నేనొకత్తెని ఉన్నాను కదా అని ఊరుకున్నాను."

అమ్మ ఆవిడ ఒళ్ళో మొహం పెట్టుకుని ఏడ్చింది. పడవ నడిపే అతను మర్యాదగా అటు తిరిగి గెడ వేశాడు. మర్నాడు మా వంటింట్లో ఉప్పు గురించి కాకుండా వేరే మాటలు వినిపించాయి. తలంటి రోజున గది తలుపు తెరిచే ఉంది. పీట మీద పెద్దమ్మ, వెనక ఆముదం గిన్నెతో అమ్మ.

మీ ఇళ్ళలో జ్వరం పడి లేచిన ఆడపిల్ల ఎవరైనా ఉంటే నా మాట వినండి. తొందరపడి పెద్ద పిన్నులు, బరువు కుచ్చులు కట్టకండి. ఈ రోజు నా జడ మూరన్నర ఉందంటే అది పెద్దమ్మ చలవే. నిమ్మకాయ కుచ్చులు నా పెళ్ళికి ఆవిడే కట్టింది. కట్టి, అంతమందిలో, నుదుట బాసికంతో ఉన్న నన్ను తల ఊపమంది. జుట్టుతో పాటు ఆవిడ మా ఇంటిని కూడా పెంచింది. ఆ మాట ఆవిడ ఉండగా చెప్పలేదు. చెప్పినా, "చాల్లే, పెరుగు తోడు పెట్టు" అనేది.

మేం బండి దిగేసరికి పెద్దమ్మకి స్నానం చేయించి పసుపు రాశారు. పెదనాన్నగారు అరుగు మీద మా నాన్నగారి చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. పొరుగింటావిడ పెట్టె వెతికి సవరం తెచ్చింది. "పసుపు కుంకాలతో పోయిన మనిషి, నిండు ముడి వేసి పంపాలండి" అంది.

"వద్దండీ. అక్కయ్యకి ఎంతుందో అంతే వేద్దాం" అంది అమ్మ.

పెద్దమ్మ తల ఒళ్ళో పెట్టుకుంది. ఈ మధ్య జబ్బుతో ఆ జుట్టు రాలి, తెగి, తెల్లబడి పలచనైపోయింది. అమ్మ దాన్ని వేళ్ళతో కొలిచింది. జానెడు. నాకేసి చూస్తే రేకుపెట్టె తెచ్చి మూత తీశాను. అమ్మ చెయ్యి నిమ్మకాయల మీదికి పోలేదు. చిన్న ముడి చుట్టి, ఎర్ర ఉన్నితాడు కట్టి, ఉసిరికాయంత కుచ్చు ఒకటి అందులో దోపింది. మా అమ్మాయి, ఒక పిలక కట్టుకుని, ఒక పక్క జుట్టు విరబోసుకుని, నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని అంతా చూస్తోంది.

పొరుగింటావిడ పూలు అందించింది. అమ్మ అందుకోలేదు. రెండు అరచేతుల్లోకి పెద్దమ్మ తల తీసుకుని, మెల్లిగా ఇటూ అటూ ఊపి చూసింది. ముడి కదల్లేదు. అప్పుడు పూల కోసం చెయ్యి చాచింది.