మజ్జిగ లేని చద్దన్నం

మా ఆయన ఆకలితో పోయాడని పన్నెండేళ్లు నమ్మాను. ఎందుకు నమ్మానో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

మాది శ్రీకాకుళం వైపు. రైల్వేలో పట్టాల పని మీద ఆయన రాయపూర్ వచ్చాడు, వెనకాల నేను. గుఢియారీలో రైలుకట్ట పక్కన ఇల్లు. ఆ వాడలో తెల్లారితే అందరిదీ ఒకటే తిండి. రాత్రి అన్నం, నీళ్లు, ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. మేం చద్దన్నం అంటాం, మజ్జిగ పోస్తాం. పక్కింటి ఛత్తీస్‌గఢీ దీదీ వాళ్లు బాసీ అంటారు, నీళ్లు తప్ప మజ్జిగ పోయరు. సందు చివరి ఒడియా వాళ్లది పఖాళ, అందులో అల్లం, కరివేపాకు నలిపి వేస్తారు.

నాకు మాత్రం మజ్జిగ లేనిది తిండే కాదు. దీదీ ముఖం మీదే అనేదాన్ని, "అది గిన్నె కడిగిన నీల్లు కదా" అని. మా పొత్తులో ఆమెకు తెలుగు బాగానే అబ్బింది. ఊరుకునేది కాదు.

"నీ పులుపు కంపుకి రైలు కూడా ఇక్కడ ఆగదు బహినీ!"

ఒక ఎండాకాలం పొద్దున ఆయన గిన్నె ముందు కూర్చుని ముఖం చిట్లించాడు.

"ఏటే ఇంత పులుపు? దీదీ ఓల్ల బాసీయే నయం."

"అయితే ఆ నీల్లే తాగు, ఫో!"

గిన్నె లాక్కుని వాకిట్లో నిలబడ్డ ఆవు ముందు బోర్లించాను. ఆయన ఆవును చూశాడు, నన్ను చూశాడు. చెప్పులు వేసుకుని డ్యూటీకి పోయాడు.

మధ్యాహ్నం పట్టాల పక్కన కూలిపోయాడని కబురొచ్చింది. గుండె ఆగిందన్నారు. ఇంటికి తెచ్చాక అందరూ ముఖం చూసి ఏడ్చారు. నేను కడుపు చూశాను. లోపలికి పోయినట్టు కనిపించింది.

పదోరోజు పెట్టిన ముద్దను కాకి ముట్టలేదు. ఏదో కోరిక మిగిలిపోయిందన్నారు పెద్దలు. ఏం మిగిలిందో నాకు తెలుసు.

అప్పటినుంచి రోజూ పొద్దున ఆయన గిన్నెలో చద్దన్నం వేసి, పులవని మజ్జిగ పోసి గోడ దగ్గర పెట్టేదాన్ని. చూస్తే తినడేమోనని అటు వీపు పెట్టి కూర్చునేదాన్ని. జుర్రిన చప్పుడు వినిపించేది. చివర్లో సన్నగా ఈల వేసినట్టుండేది, ఆయన తాగితే అలాగే ఉండేది. తిరిగి చూస్తే గిన్నె నిండుగానే ఉండేది. ఆ అన్నం నేను తినలేకపోయేదాన్ని. ఆవుకు పెడదామంటే మనసొప్పేది కాదు. పిచ్చుకలకు చల్లేసి, నేను టీ తాగి పూట గడిపేదాన్ని.

మొన్న ఎండాకాలంలో దీదీ మళ్లీ ఆ గిన్నె చూసింది.

"అరే బహినీ, నీ ఆంధ్రా భూత్ ఇంకా మజ్జిగ అడుగుతున్నాడా?"

ఎప్పుడూ అనే వేళాకోళమే. ఆ రోజు నాకు తట్టుకోలేని ఏడుపు వచ్చింది. ఆవు సంగతి, గిన్నె సంగతి అంతా చెప్పేశాను.

"కాలీ కడుపుతో పంపీసినాను దీదీ."

ఆమె నవ్వు ఆగిపోయింది. గుమ్మంలోనే చతికిలబడింది.

"ఖాళీ కడుపు ఎక్కడిది? ఆ రోజు మా గడప మీద కూర్చుని బాసీ తిని పోయాడు. రెండు గిన్నెలు."

"నన్ను ఓదార్చడానికి అంటన్నావు."

"మజ్జిగ ఉందా దీదీ అని అడిగాడు. మా ఇంట్లో ఎక్కడిది అన్నాను. నవ్వి ఇంకో ఉల్లిపాయ కొరికాడు. నీకు చెప్పొద్దన్నాడు. ఇక్కడ తిన్నానని తెలిస్తే వారం పొయ్యి వెలిగించదు అన్నాడు. నువ్వు పస్తు పంపాననుకుంటున్నావని నాకేం తెలుసు?"

మజ్జిగ అడిగాడట. నా పులుపు వద్దని పోయినవాడు అక్కడ కూర్చుని మజ్జిగ అడిగాడు. మజ్జిగంటే కంపనే దీదీ ఆ మాట కల్పించి చెప్పదు.

మర్నాడు ఆయన గిన్నెలోనే నేను తిన్నాను. మజ్జిగ పోయలేదు. చప్పగా, చల్లగా కడుపులోకి దిగింది. గోడ వైపు నుంచి చప్పుడు రాలేదు. ఆ తరవాతా రాలేదు. కడుపు నిండినవాడు ఎందుకు వస్తాడు?

అయినా తినేటప్పుడు అటే వీపు పెట్టి కూర్చుంటాను.