లీలమ్మ రిజిస్టర్‌లో పద్నాలుగో అంశం

నా చదువు ఆగిపోయిందన్న బాధ కన్నా పెద్ద భయం ఒకటుంది. నీ వల్లే ఆగిపోయిందని ఏదో ఒక కోపంలో నా కూతురితో అనేస్తానేమో. పాపకిప్పుడు రెండున్నరేళ్లు. అన్ని మాటలూ అర్థమయ్యే వయసు వచ్చేలోపు ఈ సంగతి నాలో చల్లారాలి. అందుకే రాస్తున్నాను. రాయాలంటే లీలమ్మ గురించి చెప్పాలి.

లీలమ్మ మా యూనివర్సిటీ ఆఫీసులో, కౌన్సిల్ సెక్షన్‌లో సీనియర్ అసిస్టెంటు. ఇల్లు దబీర్‌పురా స్టేషన్ వెనక గల్లీలో. ఆమె తండ్రి అదే యూనివర్సిటీలో తోటమాలి. ఆయన ఉద్యోగంలో ఉండగానే పోతే, ఇరవై రెండేళ్ల వయసులో ఆమెను అటెండరుగా తీసుకున్నారు. పెళ్లయ్యాక ఇంటర్, ఇద్దరు పిల్లలు పుట్టాక డిగ్రీ ప్రైవేటుగా కట్టి పాసైంది. టైపు నేర్చుకుంది. ముప్పై ఎనిమిదేళ్లలో ఎందరు వైస్ ఛాన్సలర్లు మారినా ఆమె కుర్చీ మాత్రం మీటింగు హాలు తలుపు బయటే ఉంది. లోపలికి ఫైళ్లు పంపుతుంది, నీళ్లు పంపుతుంది, బయటికొచ్చిన నిర్ణయాలను రిజిస్టర్‌లో ఎక్కిస్తుంది.

నేను ఆమెను కలిసింది నా పీహెచ్‌డీ రద్దయిన వారానికి.

నాది కెమిస్ట్రీ. ఐదో ఏడాదిలో గర్భవతినయ్యాను. పరిశోధన చేసే ఆడవాళ్లకు ఎనిమిది నెలల ప్రసూతి సెలవు, ఆ కాలం గడువులో లెక్కలోకి రాదు అని యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో పాలసీ ఉంది. ప్రింటు తీసి దరఖాస్తుకు జతచేశాను. మా డిపార్ట్‌మెంటు హెడ్ సంతకం పెట్టారు. పాప పుట్టింది. తిరిగొచ్చి థీసిస్ సమర్పిస్తానంటే, గడువు ఏడు నెలలు దాటింది, రిజిస్ట్రేషన్ రద్దు అని కాగితం చేతిలో పెట్టారు. వెబ్‌సైట్ చూపించాను. ఆ పాలసీ అమల్లో లేదన్నారు. మరి అక్కడ ఎందుకుందని అడిగితే, వెబ్‌సైట్ చూసేవాళ్లు వేరే అన్నారు.

సైన్సు చదివినదాన్ని. పుస్తకంలో ఒక ద్రవీభవన స్థానం కనిపిస్తే, ఎవరు కొలిచారు, ఎప్పుడు కొలిచారు అని వెతికే అలవాటు నాది. నా బతుకును ఏ రూలు మీద పెట్టానో దాని గురించి మాత్రం ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

రద్దు కాగితం పట్టుకుని కౌన్సిల్ సెక్షన్‌కు వెళ్తే, లీలమ్మ నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, రూలు ఎలా పుడుతుందో చెప్పింది. ముందు ఒక కమిటీ చిత్తుప్రతి రాస్తుంది. న్యాయ సలహాదారు చూస్తాడు. తర్వాత అకడమిక్ కౌన్సిల్, ఆ పైన కార్యవర్గం. ఆఖరున రిజిస్ట్రార్ సంతకంతో నంబరు, తేదీ వేసి ఉత్తర్వు వస్తుంది. అప్పుడే అది రూలు. కానీ ఈ సభలు ఏడాదికి రెండుసార్లు కూర్చుంటే గొప్ప. కాబట్టి తొందర ఉన్నవాటికి వైస్ ఛాన్సలర్ ముందే ఒప్పుకుంటారు, సభ ఆమోదం తర్వాత తీసుకుందామంటారు. నా పాలసీ అలాంటిదే. వైస్ ఛాన్సలర్ ఒప్పుకున్న రోజే వెబ్‌సైట్‌లో పెట్టేశారు. సభ ముందు పెట్టాల్సిన వాటి జాబితా మాత్రం లీలమ్మ రిజిస్టర్‌లో ఉంటుంది.

ఆమె పాత రిజిస్టర్ తీసింది. పద్నాలుగో అంశం: పరిశోధక విద్యార్థినుల ప్రసూతి సెలవు. దాని మీద నల్లటి గీత.

ఆ సెక్షన్‌లో ఒక పద్ధతి ఉంది. మీటింగు గంటలో అయిపోవాలి. అందుకని ముందురోజు డిప్యూటీ రిజిస్ట్రార్ జాబితా కుదిస్తాడు. పెన్నుతో కొడితే అంశం తీసేసినట్టు. పెన్సిల్‌తో కొడితే వచ్చే మీటింగుకు వాయిదా. ఎక్కడా రాసి ఉండదు, అందరికీ తెలుసు. కొత్త రిజిస్ట్రార్ వచ్చినప్పుడు కొత్త రిజిస్టర్ తెరిచి, వాయిదా పడినవన్నీ అందులో ఎక్కించాలి. ఎక్కించింది లీలమ్మే. కొత్త రిజిస్టర్‌లో నా అంశం లేదు.

ఆమె డ్రాయర్‌లోంచి రబ్బరు తీసి ఆ గీత చివర రుద్దింది. గీత చెరిగింది. మూడు మీటింగులకు మూడుసార్లు, ఒకదాని మీద ఒకటి కొట్టిన పెన్సిల్ గీత అది. సిరాలాగా కనిపించింది.

"నేనే రాయలే బిడ్డా," అంది. "తీసేసిన్రనుకున్న."

పక్క టేబుల్ దగ్గర అటెండరు కృష్ణయ్య ఫైళ్లు కడుతున్నాడు. నేనక్కడ లేనట్టే మాట్లాడాడు. "అక్కా, ఏడు నెలల్ల రిటైరైతవ్. మొత్తం తుడిచి, పెన్నుతోని గీత కొట్టి పక్కన పెట్టు. గీమె ఇయ్యాల ఏడుస్తది, రేపు ఇంకో కాలేజీ చూసుకుంటది. నీకెందుకు లొల్లి?"

లీలమ్మ రబ్బరు తిరిగి డ్రాయర్‌లో వేసింది. ఆదివారం ఇంటికి రమ్మంది.

పాపను ఎత్తుకుని దబీర్‌పురా వెళ్లాను. వాళ్లు అప్పుడే చర్చి నుంచి వచ్చారు. భర్త ప్రేమ్‌రాజ్ రైల్వేలో ఫిట్టరుగా చేసి దిగిపోయినవాడు. నన్ను చూడగానే ఎందుకొచ్చానో ఆయనకు అర్థమైంది. పాపకు బిస్కెట్ ఇచ్చాడు కానీ నావైపు చూడలేదు. లీలమ్మ తన పొరపాటు ఒప్పుకుంటూ రిజిస్ట్రార్‌కు నోట్ పెడతానంటోంది. అది ఆయనకు ఇష్టం లేదు.

"ముప్పై ఎనిమిదేండ్లు తలుపు బయట కూసున్నవ్. లోపలోళ్లు ఒక్కనాడన్న నీ మాట ఇన్నరా? ఇప్పుడు తప్పు నాదంటే మాత్రం మస్తు ఇంటరు."

లీలమ్మ చాయ్ గ్లాసు నా ముందు పెట్టింది. "చర్చిల మూడు ఆదివారాలు పిల్ల, పిలగాని పేర్లు అందరి ముందట చదవకుంటే పాస్టర్ పెండ్లి జేయడు," అంది ఆయనతో. "కార్డులు పంచినా, వంటోళ్లు వచ్చినా జేయడు. ఈ పిల్ల పేరు చదవాల్సింది నేను. చదవలే. అది చెప్పకుండ ఎట్లుంట?"

"పిల్లకు బిస్కెట్ ఇంకోటియ్యి," అన్నాడాయన.

సోమవారం ఆమె నోట్ పెట్టింది. పొరపాటున పద్నాలుగో అంశం కొత్త రిజిస్టర్‌లో ఎక్కించలేదు, వైస్ ఛాన్సలర్ ఒప్పుకున్న తేదీ నుంచే ఆమోదం ఇవ్వవలసిందని కోరుతున్నాను అని రాసింది. గీతల సంగతి కూడా రాసింది. ఎవరు కొట్టారో పేరు రాయలేదు, హోదా రాసింది.

నాలుగు నెలలకు మీటింగు జరిగింది. నేను కారిడార్‌లో, ఆమె తన కుర్చీలో. పద్నాలుగో అంశానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. పాసైంది. ఈ రోజు నుంచి అమలు అన్నారు. వెనక తేదీ ఇస్తే పాత కేసులన్నీ లేస్తాయట. నా తర్వాత గర్భవతులైన ఇద్దరికి సెలవు వచ్చింది. నాకు మాత్రం, కావాలంటే మొదటి ఏడాది నుంచి మళ్లీ చేరవచ్చని ఉత్తరం వచ్చింది. ఆరేళ్ల పనిని అట్టపెట్టెలో పెట్టి మంచం కిందికి తోశాను.

అదే వారం లీలమ్మకు మెమో ఇచ్చారు. నిర్లక్ష్యానికి సంజాయిషీ అడుగుతూ. సంతకం, మూడుసార్లు పెన్సిల్ పట్టుకున్న డిప్యూటీ రిజిస్ట్రార్‌దే. విచారణ పూర్తికాలేదని రిటైరైన రోజు సన్మానం కూడా చేయలేదు. టిఫిన్ డబ్బా పట్టుకుని రోజూ ఎక్కే రైలే ఎక్కి వెళ్లిపోయింది. విచారణ ఇంకా నడుస్తోంది.

ఆమె మీద నాకు కోపం లేదని రాస్తే అబద్ధం. ఆమె రిజిస్టర్ మార్చిన రోజు ఒక్కసారి అనుమానించి ఉంటే చాలు కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ మాట ఆమెతో అన్నాను కూడా, రిటైరయ్యాక ఇంటికి వెళ్లినప్పుడు. అవును, చాలునని ఒప్పుకుంది. ప్రేమ్‌రాజ్ బయట పాపకు రైళ్లు చూపిస్తున్నాడు. వెళ్లొస్తానని లేచినప్పుడు ఆమె ఒక మాట చెప్పింది.

దాన్నే పాటిస్తున్నాను. పోయిన నెల సైదాబాద్‌లో పాపను ప్లేస్కూలులో చేర్చబోతే, మొదటి నెల తల్లులు లోపలికి రాకూడదు, అది మా పాలసీ అన్నారు. ఎవరు ఒప్పుకున్నారు, ఏ తేదీన, కాగితం చూపించండి అన్నాను. కౌంటర్‌లో అమ్మాయి నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. వెతికారు. అలాంటి కాగితం లేదు. వారం రోజులు పాప పక్కనే కూర్చున్నాను.

లీలమ్మ చెప్పింది ఇది: "రూలు ఉందా అని ఎవర్నీ అడగకు బిడ్డా. ఉందనే చెప్తరు. ఏ మీటింగుల పాసైంది, నంబరెంత, ఏ తారీఖు నుంచి నడుస్తుంది, గది అడుగు. చెప్పినోళ్లతోనే రాయించుకో. రాసియ్యం అంటే, గా రూలు నమ్మి నీ బతుకుల ఒక్క దినం కూడ ఇడ్వకు."